తాతగారి .32 రివాల్వర్: ఉంచుకోవాలా, మార్చుకోవాలా, వదులుకోవాలా?

విజయనగరం, బొబ్బిలి, సాలూరు, టెక్కలి వైపు పాత మండువా ఇళ్లలో ఇప్పటికీ అక్కడక్కడా ఒక చిన్న రివాల్వర్ బయటపడుతుంటుంది. ఒకప్పటి ఎస్టేటు ఉద్యోగులదో, జూట్ మిల్లు వాళ్లదో, పాత కంట్రాక్టర్లదో అయ్యుంటుంది. అరచేతిలో ఇమిడే సైజు, అక్కడక్కడా ఊడిన నికెల్ పూత, నల్లటి గట్టి రబ్బరు పిడి. లైసెన్స్ పుస్తకంలో మాత్రం ".32 రివాల్వర్" అని ఒక్క ముక్కే రాసుంటుంది. పెద్దాయన పోయాక పిల్లలు ముందు అడిగేది "ఎంతొస్తుంది?" అని, ఆ తర్వాత "ఇది ఇంకా పేలుతుందా?" అని.

నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. దీనికి సరిగ్గా సరిపోయే కొత్త తూటా ఇవాళ మన దేశంలో, మన లైసెన్స్ మీద దొరుకుతుందా? ఆ తూటా దెబ్బకి ఈ పాత ఇనుము తట్టుకుంటుందా? ఈ రెంటికీ జవాబు దొరికితే మిగతా ఎంపికలు సగం వాటంతటవే తేలిపోతాయి. కంపెనీ పేరు, పూత మెరుపు, తాతగారి వేట కథలు ఆ తర్వాత చూసుకోవచ్చు. చాలామంది తుపాకీని ముందు ఎంచుకుని తూటా కోసం తర్వాత తిరుగుతారు. దానివల్లే అసలు తలనొప్పి మొదలవుతుంది.

.32 అంటే ఏ .32?

.32 అనేది ఇంటిపేరు లాంటిది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన అందరూ ఒకే కుటుంబం కాదు.

వీటిలో పాతది, మన ఇళ్లలో కనిపించే చిన్న రివాల్వర్లలో చాలావాటికి సరిపడేది, స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1878లో తెచ్చిన పొట్టి తూటా. దాని పేరు .32 ఎస్ అండ్ డబ్ల్యూ. మందు నింపే ఇత్తడి తొడుగు పొడవు సుమారు పదిహేనున్నర మిల్లీమీటర్లు, గుండు బరువు 85 గ్రెయిన్ల దగ్గర, అంటే అయిదున్నర గ్రాములు. నల్లమందు, అంటే బాగా పొగొచ్చే పాత తుపాకిమందు కాలంలో పుట్టిన తూటా ఇది. దీనికోసం చేసిన రివాల్వర్లు ఎక్కువగా పైన గొళ్లెం తీస్తే మధ్యకి విరిగి తెరుచుకునే రకం, ఐదు తూటాలవి. స్మిత్ అండ్ వెసన్‌తో పాటు ఐవర్ జాన్సన్, హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ లాంటి అమెరికన్ కంపెనీలు వీటిని గుట్టలుగుట్టలుగా చేసి అమ్మాయి.

1896లో అదే కంపెనీ దీన్నే పొడవు చేసి .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ అని తెచ్చింది. తొడుగు 23 మిల్లీమీటర్లు దాటుతుంది, గుండు 98 గ్రెయిన్లు, వేగం సెకనుకు రెండు వందల మీటర్ల పైచిలుకు. తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్ పక్కకి తెరుచుకునే రివాల్వర్లు ఆ కంపెనీలో దీనితోనే మొదలయ్యాయి. కోల్ట్ కంపెనీకి పోటీవాడి పేరు తన బ్యారెల్ మీద కొట్టుకోవడం నామోషీ అనిపించి, అదే తూటాకి ముక్కు కాస్త చదును చేసి .32 కోల్ట్ న్యూ పోలీస్ అని పేరు పెట్టుకుంది. కాబట్టి కోల్ట్ పోలీస్ పాజిటివ్ మీద ఆ పేరు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అది లాంగ్ తూటానే.

కంగారు పడాల్సింది .32 షార్ట్ కోల్ట్, .32 లాంగ్ కోల్ట్ అనే వాటి విషయంలో. వాటి తొడుగు సన్నగా ఉంటుంది. స్మిత్ అండ్ వెసన్ తూటా కోల్ట్ చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే గదిలోకి, దూరదు. కోల్ట్ తూటా స్మిత్ అండ్ వెసన్ చాంబర్‌లో వదులుగా కూర్చుంటుంది, పేలిస్తే తొడుగు పగులుతుంది. ఇంగ్లండ్, బెల్జియంలలో చేసిన బుల్‌డాగ్ రకం చిన్న రివాల్వర్లలో కొన్ని .320 అనే ఇంకో పాత కొలతవి. వాటికి ఇవాళ తూటా వెతకడం దండగ.

వీటన్నిటికీ తోడు .32 ఆటో ఉంది. ఇది రివాల్వర్ది కాదు, పిస్టల్ తూటా. మన షాపుల్లో ".32 పిస్టల్", ".32 రివాల్వర్" అని విడివిడిగా అడిగేది ఇందుకే. దీని అంచు కొంచెం బయటికి ఉంటుంది కాబట్టి కొన్ని లాంగ్ రివాల్వర్ల చాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. కూర్చుంది కదా అని పేల్చేవాళ్లున్నారు. లాంగ్ తూటాకి అమెరికన్ ప్రమాణం పెట్టిన గరిష్ట ఒత్తిడి 15,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .32 ఆటోకి 20,500. నూరేళ్ల సిలిండర్ మీద అంత భారం ఎందుకు వేయాలి? లోపలికి దూరడం వేరు, సరిపోవడం వేరు.

ఇక మన దేశంలో పరిస్థితి. మన ప్రభుత్వ ఫ్యాక్టరీల నుంచి .32 రివాల్వర్ కోసం మామూలుగా వచ్చేది 7.65×23 మిల్లీమీటర్ల తూటా, అంటే లాంగ్. పొట్టి తూటా చాంబర్ ఉన్న పాత రివాల్వర్‌లో ఇది పట్టదు, సిలిండర్ ముందుకి పొడుచుకొస్తుంది. ఇంతకుముందు చెప్పిన గొళ్లెం రివాల్వర్లలో చాలావాటి కథ ఇక్కడితో ఆగిపోతుంది. "చాంబర్ కాస్త లోపలికి తొలిపిస్తే పట్టేస్తుంది బాబూ" అని సలహా ఇచ్చేవాడు ఎక్కడో ఒకడు దొరుకుతాడు. వినకండి. పొట్టి తూటా కోసం చేసిన గోడలకి పొడవు తూటా ఒత్తిడి తట్టుకునే సత్తా ఉండదు. పైగా ఆయుధాన్ని మార్చడం కూడా 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ కింద లైసెన్స్ ఉన్నవాడు మాత్రమే చేయాల్సిన పని.

దీనికి తిరగేసిన సంగతి, పొట్టి తూటా లాంగ్ చాంబర్‌లో హాయిగా పేలుతుంది. కానీ మనకి పొట్టిది దొరకదు కాబట్టి ఆ సౌకర్యం కాగితం మీదే.

.380, .455 కొలతల్లో ఉన్న పాత సైనిక రివాల్వర్లు ఇంట్లో దొరికితే ఈ పోలికలన్నీ పక్కన పెట్టేయండి. అవి నిషేధిత బోర్ (మామూలు జనానికి ఇవ్వని బ్యారెల్ కొలత) కిందికి వస్తాయి. వాటి దారి వేరు, మామూలు .32 లైసెన్స్ వాటికి చాలదు.

ఇనుము వయసు

తూటా కుదిరినా, పాత రివాల్వర్ దేనికోసం పుట్టిందో చూడాలి. నల్లమందు ఒత్తిడి మెల్లగా పెరుగుతుంది, పొగలేని మందు ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. 1890ల వరకు చేసిన సిలిండర్లు మొదటిదాన్ని మనసులో పెట్టుకుని చేసినవి. ఐవర్ జాన్సన్ విషయంలో సేకర్తలందరూ చెప్పే గీత ఒకటుంది. 1909కి ముందువి నల్లమందుకే, ఆ తర్వాతవి పొగలేని మందుకి.

ఇంగ్లండ్‌లో చేసిన తుపాకీకి ఒక సదుపాయం ఉంది. అక్కడ అమ్మే ప్రతి తుపాకీని ప్రభుత్వ ఆమోదం ఉన్న ప్రూఫ్ హౌస్‌లో ఎక్కువ ఒత్తిడితో పేల్చి పరీక్షించి, ముద్ర కొట్టాల్సిందే. వెబ్లీ రివాల్వర్ సిలిండర్ మీద, బ్యారెల్ మీద కిరీటం కింద ఎన్‌పీ అన్న అక్షరాలు కనిపిస్తే అది పొగలేని మందుకి పరీక్షించినది. అమెరికాలో ఆ చట్టం లేదు, అందుకే వాళ్ల తుపాకుల మీద ఈ ముద్రలుండవు. బ్యారెల్ మీద 1880ల నాటి సంవత్సరాలు వరసగా కనిపిస్తే అవి పేటెంట్ తేదీలు. వాటిని తయారైన సంవత్సరాలనుకుని "మాది నూట నలభై ఏళ్ల సరుకు" అని బేరం పెట్టేవాళ్లని చూస్తుంటాం. స్మిత్ అండ్ వెసన్ .32 సేఫ్టీ హామర్‌లెస్ 1888 నుంచి 1937 దాకా తయారైంది. ఒకే పేరు మీద యాభై ఏళ్ల తేడా ఉండొచ్చన్నమాట.

మిగతాది లైసెన్స్ ఉన్న తుపాకీ మరమ్మతుదారు చేతిలో పెట్టి చూపించాలి. హామర్ (తూటాని పేల్చే సుత్తి) పూర్తిగా లాగినప్పుడు సిలిండర్ అటూ ఇటూ కదులుతోందా, ప్రతి చాంబర్ బ్యారెల్‌కి ఎదురుగా సరిగ్గా ఆగుతోందా, గొళ్లెం, కీలు వదులయ్యాయా, బ్యారెల్ ఎక్కడైనా ఉబ్బిందా అని అడగండి. సిలిండర్ సరిగ్గా ఆగకపోతే గుండు బ్యారెల్ అంచుకి గీసుకుని సీసం ముక్కలు పక్కకి చిమ్ముతాయి. పక్కన నిలబడ్డవాడి మొహానికి తగులుతాయి. గొళ్లెం వదులైన రివాల్వర్ ఎంత అందంగా ఉన్నా పేల్చే వస్తువు కాదు, అక్కడ బేరసారాలకి తావులేదు.

ఇంట్లో తూటా తయారుచేసుకోవడం

టెక్సాస్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఫోన్ చేసినప్పుడల్లా ఇదే మాట. "మావయ్యా, ఇక్కడ ఖాళీ తొడుగుల్ని మళ్లీ నింపుకుంటారు. పొట్టి తూటా దొరక్కపోతే ఏం? ప్రెస్ ఒకటి కొని మీరే చేసుకోవచ్చుగా." వాడు చెప్పేది వాడి దేశానికి నిజమే. పాత చిన్న రివాల్వర్ల మీద మోజున్నవాళ్లకి అక్కడ రీలోడింగ్ అనేది సగం సరదా.

పని క్రమం ఇలా ఉంటుంది. పేలిన ఇత్తడి తొడుగుని ప్రెస్ అనే నొక్కుడు యంత్రంతో డై అనే అచ్చులోకి నొక్కి తిరిగి అసలు కొలతకి తెస్తారు. వాడేసిన ప్రైమర్ (మందుకి నిప్పంటించే చిన్న మూత) తీసి కొత్తది పెడతారు, మందు తూచి పోస్తారు, మెత్తటి సీసం గుండు కూర్చోబెట్టి మూతి కొద్దిగా బిగిస్తారు. పాత తుపాకీకి దీనివల్ల లాభాలు మూడు. అంగట్లో అరుదైన కొలత చేతికొస్తుంది, ఒత్తిడి తక్కువలో ఉంచుకోవచ్చు, బ్యారెల్ అసలు వ్యాసాన్ని కొలిచి దానికి తగ్గ గుండు పోసుకోవచ్చు. పాత .32 బ్యారెళ్లన్నీ ఒకే కొలతలో ఉండవు కాబట్టి ఈ మూడోది చిన్న విషయం కాదు. తొడుగు లోపల మధ్యలో ఒకే రంధ్రం ఉండే బాక్సర్ రకమైతే పాత ప్రైమర్ సులువుగా ఊడొస్తుంది. రెండు చిన్న రంధ్రాలుండే బెర్డాన్ రకం తొడుగుతో తిప్పలు పడాలి. .22 తూటాకి ప్రైమర్ అంచులోనే ఉంటుంది కనుక దాన్ని తిరిగి నింపే మాటే లేదు.

ప్రమాదం కూడా ఇందులోనే ఉంది. చిన్న తొడుగులో ఇప్పటి మందు చిటికెడు పడితే చాలు. పొరపాటున రెండుసార్లు పోసినా తొడుగు నిండినట్టు కనిపించదు. కొత్త తుపాకీ అయితే ఏమో కానీ, 1890ల నాటి సిలిండర్ ఆ తప్పుని క్షమించదు. అందుకే అక్కడ ఫ్యాక్టరీ తూటాకీ సొంత తూటాకీ మధ్య ఎంచుకోమంటే, ఏడాదికి ఒకటో రెండో పెట్టెలు పేల్చేవాడికి ఫ్యాక్టరీదే మేలంటాను. చేతిపని మీద ఇష్టం, ఓపిక, తూకం విషయంలో చాదస్తం ఉన్నవాడికే రీలోడింగ్.

మేనల్లుడికి నేను చెప్పిన ఇంకో మాట మన పిల్లలందరికీ పనికొస్తుంది. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన తుపాకుల్ని ఆ చట్టం పురాతన వస్తువులుగా చూస్తుంది, రాష్ట్రాల నియమాలు వేరే. స్నేహితుడు కొన్నాడు కదా అని గన్ షోకి వెళ్లి కార్డు గీకే ముందు లాయర్ని అడగడం మంచిది.

మన దగ్గరికొస్తే ఈ పోలికే లేదు. తూటా తయారీకి ఐదో సెక్షన్ కింద తయారీ లైసెన్స్ ఉండాలి. మన దగ్గరుండే రివాల్వర్ లైసెన్స్ దగ్గర ఉంచుకోవడానికే, తయారుచేయడానికి కాదు. చట్టం 'మందుగుండు'కి ఇచ్చిన నిర్వచనంలో తూటా విడిభాగాలు, తూటా చేసే యంత్రాలు కూడా ఉన్నాయి. అంటే ప్రెస్, డైలు ఇంట్లో పెట్టుకుని "నేనింకా ఏమీ చేయలేదు" అన్నా సమాధానం కాదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని తయారీకి శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. మందు విషయానికొస్తే పేలుడు పదార్థాల చట్టం అదనం. మన్యంలో నోటి నుంచి మందు కూరే తుపాకులకి లైసెన్స్ ఉన్నవాళ్లని చూపించి "వాళ్లు కూరుకోవట్లేదా" అనేవాళ్లుంటారు. అది వేరే రకం ఆయుధం, వేరే లైసెన్స్. రివాల్వర్ తూటాకి ఆ లెక్క చెల్లదు. శ్రీకాకుళం ఏజెన్సీలో 1960ల చివర జరిగిన ఉద్యమం నుంచీ ఈ జిల్లాల్లో మందు, తూటా అనే మాటలకి పోలీసుల చెవులు త్వరగా నిక్కబొడుచుకుంటాయి, అది కూడా గుర్తుంచుకోవాలి.

మేనల్లుడు సెలవులకి వచ్చేటప్పుడు ముచ్చటకి నాలుగు తొడుగులు తెస్తానన్నాడు. వద్దన్నాను. బ్యాగులో ఒక్క తూటా, ఒక్కోసారి ఖాళీ తొడుగు కనిపించినా ఎయిర్‌పోర్టులో ప్రయాణం ఆగిపోయి స్టేషన్ దాకా వెళ్లే టెన్షన్ ఎవరికి కావాలి?

కాబట్టి ఇక్కడ పొట్టి తూటా రివాల్వర్‌కి మందు లేదు అనుకోవడమే. లాంగ్ రివాల్వర్ ఉన్నవాళ్లు షాపులో కొత్త తూటాలు కొనుక్కోవాలి, రసీదు ఉంచుకోవాలి, లైసెన్స్‌లో ఎక్కించుకోవాలి. పేలిన తొడుగులు పారేయకండి, లెక్క అడిగినప్పుడు చూపించడానికి ఉండాలి. తాతగారి పెట్టెలో పచ్చబడిన తూటాలు మాత్రం వాడొద్దు. వాటిని కూడా తుపాకీతో పాటే షాపులోనో స్టేషన్లోనో అప్పగించాలి.

ఇప్పుడు పోలిక

పాత విదేశీ లాంగ్ రివాల్వర్, పక్కకి తెరుచుకునే రకం, గట్టిగా ఉంది, మరమ్మతుదారు చూసి బాగుందన్నాడు అనుకుందాం. ఉంచుకోండి. ఆ నాటి కోల్ట్, స్మిత్ అండ్ వెసన్‌ల ట్రిగ్గర్ నునుపు చేతికి తెలుస్తుంది. 1980ల మధ్య నుంచి మామూలు జనానికి విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది కాబట్టి ఇలాంటివి కొత్తగా రావు. ఆ కారణంగానే వీటి ధర వస్తువు విలువకి ఎన్నో రెట్లు ఎక్కువ చెబుతారు. ఇంట్లో ఉన్నదాన్ని ఉంచుకోవడం వేరు, ఆ ధర పెట్టి కొనడం వేరు. రెండోది నేను చేయను. విడిభాగం ఒకటి విరిగితే మళ్లీ దొరకదు.

పొట్టి తూటా గొళ్లెం రివాల్వర్ అయితే జ్ఞాపకంగా తప్ప పనికిరాదు. లైసెన్స్ మీద ఉంచుకోవచ్చు. కానీ 2019 సవరణ ఒక మనిషికి రెండు తుపాకులకే పరిమితం చేసింది, వారసత్వంగా వచ్చింది కూడా ఆ రెంటిలోనే లెక్క. పేలని జ్ఞాపకం కోసం ఒక చోటు ఖర్చుపెడతారా అన్నది మీ ఇష్టం. వేరే తుపాకీ అవసరం లేని ఇంటికి ఇబ్బంది లేదు.

కాన్పూర్‌లో తయారైన పాత ఐఓఎఫ్ (ఇండియన్ ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ) .32 మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించేది. పాత వెబ్లీ మార్క్ 4 నమూనా మీద చేసినదే, ఇదీ మధ్యకి విరిగి తెరుచుకుంటుంది. లాంగ్ తూటాకే పుట్టింది, ఆరు పడతాయి. ట్రిగ్గర్ బరువు, పైపని మోటు. అయినా సెకండ్ హ్యాండ్‌లో మంచి స్థితిలో దొరికితే విదేశీ పేరు కోసం లక్షలు పోసేకన్నా ఇదే నయం. తూటా సమస్య లేదు, మరమ్మతు తెలిసిన వాళ్లున్నారు.

కొత్తవి కావాలంటే, 2014లో వచ్చిన నిర్భీక్ టైటానియం మిశ్రమంతో చేసిన తేలిక రకం, బరువు అర కిలో దగ్గర. వచ్చినప్పుడే దాని ధర లక్షా ఇరవై వేలు దాటింది. తేలికగా ఉన్నదానికి చేతికి తగిలే దెబ్బ ఎక్కువే, అయితే .32 తూటా మెత్తనిది కాబట్టి భరించొచ్చు. 2023 ఆగస్టులో కాన్పూర్ ప్రభుత్వ సంస్థ ప్రబల్ అనే రివాల్వర్ తెచ్చింది. మన ప్రభుత్వ ఫ్యాక్టరీ రివాల్వర్లలో సిలిండర్ పక్కకి తెరుచుకోవడం దీనితోనే వచ్చింది. నింపడం, ఖాళీ చేయడం, ఖాళీగా ఉందో లేదో చూసుకోవడం ఇందులో సులువు. వెబ్లీ పేరు మీదే మోజుంటే, ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో ఆ కంపెనీ పేరుతో .32 రివాల్వర్ తయారవుతోంది. ఆత్మరక్షణ కోసమే లైసెన్స్ తీసుకున్నవాళ్లకి, నా మాట వింటే, ప్రబల్. పాతది అల్మారాలో అందంగా ఉంటుంది గానీ, అర్ధరాత్రి అవసరమొస్తే నూరేళ్ల స్ప్రింగుల మీద నమ్మకం పెట్టుకోలేం.

ఇషాపూర్ ఫ్యాక్టరీ .22 రివాల్వర్ నిడర్ ఈ జాబితాలో అన్నిటికన్నా చిన్నది. తూటా చవక, చప్పుడు తక్కువ. ఆత్మరక్షణకి బలహీనం, గురికి పొట్టి బ్యారెల్. ఎవరికోసం చేశారో నాకు అంతుపట్టదు.

సరదాగా గురి చూసి కొట్టాలన్నదే అసలు కోరికైతే, పైవేవీ వద్దు. .177 బోర్ మించని, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ ఒలింపిక్ ఆట. ఛర్రాలు చవక, ఇంటి పెరట్లో గట్టి అడ్డు పెట్టుకుని రోజూ అభ్యాసం చేయొచ్చు. తాతగారి రివాల్వర్‌తో ఏడాదికి పాతిక తూటాలు కొట్టేవాడికన్నా, రోజూ యాభై ఛర్రాలు కొట్టే ఇంటర్ పిల్లకి గురి బాగా కుదురుతుంది. ఆ దారిలో పైకి వెళ్తే .32 లాంగ్ మళ్లీ ఎదురవుతుంది. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీల్లో ప్రపంచమంతా వాడే తూటాల్లో ముఖ్యమైనది ఇదే, ముక్కు పూర్తిగా చదునుగా ఉండే సీసం గుండుతో. 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా 590 పాయింట్లతో ప్రపంచ రికార్డుని సమం చేసి స్వర్ణం గెలిచింది ఈ విభాగంలోనే. 1896 నాటి తూటాకి ఇంతకన్నా గౌరవం ఏం కావాలి?

పొలంలో తాటిచెట్టుకి గురిపెట్టి పేల్చడం, పెళ్లి ఊరేగింపులో గాల్లోకి పేల్చడం ఈ లెక్కలో సరదా కిందికి రావు. సంబరాల్లో నిర్లక్ష్యంగా పేలిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

కాగితం పని

లైసెన్స్‌దారు పోయిన రోజు నుంచి ఆ తుపాకీ ఇంట్లో ఉండటానికి ఎవరి పేరు మీదా అనుమతి లేదు. కర్మకాండలు అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. చట్టం 21వ సెక్షన్ ప్రకారం అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో జమ చేయాలి. జమ చేసినంత మాత్రాన హక్కు పోదు. తర్వాత తీరిగ్గా వారసుడు తన పేరున లైసెన్స్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు, లేదా లైసెన్స్ ఉన్నవాళ్లకి డీలర్ ద్వారా అమ్మొచ్చు.

2016 ఆయుధాల నియమాల్లో వారసులకి ప్రత్యేకంగా దారి ఉంది. పెద్దాయన బతికుండగానే మార్చొచ్చు. ఆయనకి 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా చాలు. నన్నడిగితే అలా బతికుండగా మార్చడమే మేలు. ఆయన సంతకం, ఆయన చేతి రాతలో తుపాకీ నంబరు, ఏ షాపులో కొన్నారో జ్ఞాపకం, అన్నీ అప్పుడే దొరుకుతాయి. ఆయన పోయాక అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల నుంచి అభ్యంతరం లేదన్న కాగితం తేవాలి. పొలం తగాదా ఉన్న ఇంట్లో ఆ కాగితం రావడానికి తుపాకీ లైసెన్స్ కన్నా ఎక్కువ కాలం పడుతుంది. వారసుడికి 21 ఏళ్లు నిండాలి. దరఖాస్తు, డాక్టర్ సర్టిఫికెట్, భద్రంగా వాడటంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్, పోలీసు విచారణ ఉంటాయి. ఇస్తే ఐదేళ్లకి ఇస్తారు.

"తుప్పు పట్టిపోయింది, ఇంక లైసెన్స్ ఎందుకు" అనే మాట తరచూ వింటాం. మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్నదాన్ని చట్టం 45వ సెక్షన్ మినహాయించింది నిజమే. ఆ వాక్యంలో 'మరమ్మతు చేసినా' అన్న మాటే కీలకం. హామర్ స్ప్రింగు విరిగిందనో, సిలిండర్ బిగుసుకుందనో అది చెత్త ఇనుము కాదు. మరమ్మతుదారు గంటలో బాగుచేయగలిగితే అది ఆయుధమే. ఆ నిర్ణయం మీరు చేసేది కాదు, లైసెన్సింగ్ అథారిటీ నుంచి రాతపూర్వకంగా రావాలి. గోడకి ఫ్రేము కట్టించుకునే ఆలోచన ఆ కాగితం చేతికొచ్చాకే.

మన గాలికి

కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు ఇల్లుంటే ఉప్పు గాలి తుపాకీని తినేస్తుంది. పాత తూటాల ప్రైమర్లలో వాడిన పొటాషియం క్లోరేట్ పేలాక ఉప్పుగా మిగిలి గాల్లో తేమని లాగుతుంది. అలాంటివి పేల్చిన బ్యారెల్‌ని ముందు వేడినీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, తర్వాతే నూనె రాయాలి. నూనె ఉప్పుని కరిగించదు. తోలు కవరు చూడటానికి బాగుంటుంది కానీ అందులోనే దాచితే తేమ పట్టుకుని తుప్పు మొదలవుతుంది. కవరు వేరే, తుపాకీ వేరే ఉంచాలి. నికెల్ పూత ఉన్నదానికి అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడకండి, పూత కింద రాగి పొర ఉంటే లేచిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక ఇళ్లలో బీరువాలు చెమ్మెక్కాయి. అలాంటప్పుడు సిలికా జెల్ సంచులు మార్చడం, ఒకసారి తెరిచి తుడవడం తప్పదు.

పాత రివాల్వర్‌లో తూటాలు ఉంచుకోవాల్సి వస్తే హామర్ కింద చాంబర్ ఖాళీగా వదలండి. ఆ కాలపు వాటిలో చాలావాటికి హామర్ మీద దెబ్బ పడితే ఆపే అడ్డు లేదు. ఐదు పట్టేదాన్ని నాలుగు పట్టేదిగా లెక్కేసుకోవాలి.

ఎన్నికలొస్తే తుపాకులు స్టేషన్లో జమ చేయమంటారు. ఇచ్చే ముందు లోపలా బయటా పలచగా నూనె రాసి, నంబరు కనిపించేలా ఫొటో తీసి, తోలు కవరు ఇంట్లోనే ఉంచి గుడ్డ సంచిలో పెట్టి ఇవ్వండి. రసీదులో తుపాకీ నంబరు, పూత స్థితి, తూటాల లెక్క విడివిడిగా రాయించుకోండి. ఫలితాలు వచ్చాక తీసుకునేటప్పుడు అక్కడే నంబరు సరిచూసి, సిలిండర్ తిప్పి చూసి, అప్పుడు సంతకం పెట్టండి.